ఊరు దాటే చీటీ

వకీలు సోమలింగంగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ సంగతి తెలిసీ జూనియరు ఉదయభాస్కర్ ఓ పొద్దున నోరు జారాడు. చట్టంలో ఈ కులాల పేర్లూ తెగల పేర్లూ ఎందుకండీ, అన్నీ తీసిపారేస్తే పీడ విరగడైపోదా అన్నాడు. సోమలింగంగారు చెప్పులు తొడుక్కుని, పద, ఎరుకల కాలనీలో పనుంది అన్నారు.

అక్కడ సుంకమ్మ అనే ముసలామె మనవరాలు రత్నకుమారికి నర్సింగులో సీటొచ్చింది. సాయంత్రంలోపు కుల సర్టిఫికెట్టు చూపించకపోతే ఆ సీటు పోతుంది. తాసీల్దారేమో తాతల నాటి కాగితం తెస్తే గానీ సంతకం పెట్టనని భీష్మించుక్కూర్చున్నాడు. బుట్టలల్లుకుంటూ ఊరూరా తిరిగిన వాళ్లకు కాగితాలెక్కడివి? ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్లు వాచిపోయి ఉన్నాయి.

ఒకటుందని ముసలామె అంది గానీ, బయటికి తియ్యడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు. సోమలింగంగారు ఆమె పక్కనే చతికిలబడి గంటసేపు బతిమాలితే అప్పుడు పెట్టె తెరిచింది. తెల్లదొరల కాలంలో ఆమె మామగారికి పోలీసులిచ్చిన చీటీ అది. పుట్టుకతోనే దొంగలని ఆ తెగ మొత్తానికీ ముద్ర వేసి, పొరుగూరికి వెళ్లాలన్నా ఆ చీటీ చూపించమనేవారట. అందులో పేరు, తెగ, వేలిముద్ర ఉన్నాయి. ఒకసారి అది దగ్గర లేక ఆయన జైలుకు పోయాడట. ఆ భయంతోనే ఇన్నేళ్లూ ఎవరూ పారెయ్యలేదు.

భాస్కర్‌కి ఒళ్లు మండిపోయింది. ఇలాంటి దరిద్రాన్ని ఇంకా ఇంట్లో పెట్టుకుంటారా అంటూ చీటీ లాక్కుని చించబోయాడు. రత్నకుమారి చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఇందులో సిగ్గుపడాల్సింది మేం కాదు సార్. ఇలా ఇవ్వండి."

అందరూ కలిసి ఆఫీసుకెళ్లి ఇస్తే, తాసీల్దారు ఆ చీటీని రెండుసార్లు చదివాడు. తర్వాత తనే లేచెళ్లి ముసలామెకు కుర్చీ తెచ్చి వేశాడు. మూడు గంటలకల్లా సర్టిఫికెట్టు చేతికొచ్చింది. పిల్ల నవ్వుతూ బస్సెక్కింది.

తిరిగొస్తూ భాస్కర్ మాటిమాటికీ ఆ చీటీ సంగతే తలుచుకున్నాడు. తను చించేసి ఉంటే పిల్ల సీటు ఏమయ్యేదో! చివరికి, అయితే ఈ పేర్లు ఎన్నాళ్లుండాలండీ అని అడిగాడు.

"నన్నడుగుతావేం?" అన్నారు సోమలింగంగారు. "ఆ పిల్లకో మనవరాలు పుట్టి, ఆ మనవరాలొచ్చి ఇంక అక్కర్లేదంటే, ఆ రోజు కొట్టేద్దువుగాని."