చేపలు కొరికిన దుంప

పాపికొండల అడవిలో కొండముచ్చులు, ఎలుగులు, కణుజు దుప్పులు ఉండేవి. ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. కాయా లేదు, పండూ లేదు. మిగిలింది నేలలోని చేదుదుంప ఒక్కటే. అదేమో విషం!

అయినా కొండముచ్చులు దాన్ని తినేవి. ఎలాగంటారా? దుంపను ముక్కలు చేసి, వాగునీటిలో రాళ్ల మధ్య నానబెట్టేవి. బుల్లి చేపలు వచ్చి కొరికేదాకా పైకి తీసేవి కావు. అది వాటి ఆచారం.

గడసరి అనే తల్లి కొండముచ్చుకు ఇది బొత్తిగా నచ్చలేదు. పేరుకు తగ్గట్టే దానికి నోరెక్కువ.

"అవ్వా, మన నోటికాడి కూడు చేపలకెందుకు పెట్టాలి?" అని ముసలి కొండముచ్చును అడిగింది.

"నాకేం తెలుసు తల్లీ! మా అమ్మ అలా చేసేది, నేనూ చేస్తున్నాను," అంది అవ్వ.

"తెలియకుండానే పట్టుకుని వేలాడటమా? ఇదేం చాదస్తం!" అని గడసరి పకపకా నవ్వింది.

మర్నాడు చేపలు రాకముందే ముక్కలు తీసేసింది. ఒకటి నాలుక మీద పెట్టుకుంది. చేదు లేదు! "చూశారా!" అని అందరికీ చెప్పి, ఆకలితో ఏడుస్తున్న తన పిల్లకు కడుపునిండా పెట్టింది. పాపం, తల్లి మనసు కదా, ఆ ఏడుపు చూడలేకపోయింది.

కాసేపటికే పిల్ల మెడ వాల్చేసింది. కళ్లు తేలేసింది.

"అయ్యో, నా చేతులతోనే పెట్టానే!" అని గడసరి గుండెలు బాదుకుంది.

అవ్వ పరుగున వచ్చి, పిల్లను ఒళ్లో బోర్లా వేసుకుని కక్కించింది. గడసరిని ఒక్క మాట కూడా అనలేదు.

ఎలాగో పిల్ల తేరుకుంది. కానీ గడసరి అంతటితో ఊరుకోలేదు. పచ్చి ముక్కలు కొన్ని, బాగా నానిన ముక్కలు కొన్ని వేరువేరుగా నీళ్లలో పెట్టి, ఒడ్డున కూర్చుని చూసింది. పచ్చివాటి దగ్గరికి వచ్చిన చేపలు చటుక్కున వెనక్కి తిరిగాయి. బాగా నానినవాటిని మాత్రం ఇష్టంగా కొరికాయి.

"అవ్వా! చేదు ముందే పోతుంది, విషం మెల్లగా పోతుంది. అది పోతేగానీ చేపలు ముట్టవు. అందుకే ఈ ఆచారం!" అంది గడసరి.

అవ్వ పిల్ల తల నిమిరింది. "ఈ సంగతి మొదట కనిపెట్టిన తల్లికి పిల్ల దక్కిందో లేదో," అంది.

గడసరి తన పిల్లను గట్టిగా పొదువుకుంది.

నీతి: ఎందుకో తెలుసుకోకముందే పెద్దల ఆచారాన్ని తీసిపారేయకూడదు. ఎందుకో అడగడం మాత్రం ఎన్నడూ మానకూడదు.