మైదానం నింపిన పొలుసమ్మ

మబ్బుకోన అని ఒక అడవి ఉండేది. అక్కడ పొద్దున దిగిన మంచు మధ్యాహ్నం దాకా చెట్ల నడుమ పాలనురుగులా తేలుతూ ఉండేది. ఆ అడవిలో కుందేళ్లు, దుప్పులు, ముళ్లపందులు, కొండముచ్చులు, అడవిదున్నలు కలిసి బతికేవి. పిల్లలు చదువుకోవడానికి ఒక కళాశాల ఉండేది. దాని పక్కనే పచ్చిక మైదానం.

వారానికోసారి అక్కడ పక్క అడవుల జట్లతో చెడుగుడు పోటీ జరిగేది. కానీ చూసేవాళ్లే కరువయ్యారు. కిందటి పోటీకి వచ్చింది రెండు కాకులు, దారి తప్పిన ఒక నత్త!

"ఎవరూ చూడని ఆట ఎందుకు? మైదానం మాకిస్తే మేసుకుంటాం" అని అడవిదున్నలు అడగసాగాయి.

కళాశాల పెద్ద కణుజయ్య, కొమ్ములు తిరిగిన ముసలి కణుజు జింక. ఆయన బాగా ఆలోచించి పొలుసమ్మ అనే, ఒళ్లంతా పొలుసులున్న అలుగును కొత్త క్రీడాధికారిగా తీసుకొచ్చాడు.

కళాశాల సభలో అందరూ ఒక్కసారిగా తనవైపు చూసేసరికి పొలుసమ్మకు భయం వేసింది. అలవాటు కొద్దీ గుండ్రంగా ముడుచుకుపోయింది.

సభ్యుల్లో కలాపుడు అనే నెమలి ఉన్నాడు. ఎవరినైనా చూడగానే తూకం వేయగలనని అతని గర్వం. అతను పకపకా నవ్వాడు.

"ఇదా మన క్రీడాధికారి? బంతి అనుకుని పిల్లలు తన్నేస్తారు! ఇప్పుడే పంపించేయండి."

"తొందరపడకు కలాపా. మూడు పోటీలు చూద్దాం. అప్పటికీ మైదానం నిండకపోతే దున్నలకే ఇచ్చేద్దాం" అన్నాడు కణుజయ్య.

మర్నాటి నుంచి పొలుసమ్మ మంచులో మెల్లగా నడుస్తూ ఇంటింటికీ వెళ్లింది. గొప్పలేమీ చెప్పలేదు. "ఆటకు ఎందుకు రావడం లేదు?" అని మాత్రం అడిగింది.

"మిట్టమధ్యాహ్నం పిల్లల్ని వేసుకుని ఎలా వచ్చేది అక్కా?" అంది ఒక దుప్పి తల్లి.

"వచ్చినా ముందు నిలబడే దున్నల కాళ్లు తప్ప ఏం కనిపిస్తుంది?" అంది ముళ్లపంది.

కొండముచ్చు తాత తల గోక్కున్నాడు. "ఆడేదెవరో తెలిస్తే కదా తల్లీ!"

పొలుసమ్మ పోటీని సాయంత్రానికి మార్చింది. తన గట్టి గోళ్లతో మైదానం పక్కనున్న గట్టును మెట్లుమెట్లుగా తవ్వింది. చిన్నవాళ్లు కింద, పెద్దవాళ్లు పైన కూర్చోవచ్చు. తర్వాత ఆటగాళ్లను ఒక్కొక్కరినే వెంటబెట్టుకుని అడవంతా తిరిగింది.

"ఈ కుందేలు పిల్ల పేరు చెంగి, తాతా. మీ వాగు అవతలే ఉంటుంది. కూత పెడితే ఊపిరి తెగదు."

మొదటి పోటీకి తొమ్మిది మంది వచ్చారు.

"తొమ్మిదే!" అని కలాపుడు ఎగతాళి చేశాడు. "జనం రావాలంటే అందం ఉండాలి. ఎలా రప్పించాలో నేను చూపిస్తాను."

రెండో పోటీ రోజున అతను పక్క గుట్ట మీద నాట్యం మొదలుపెట్టాడు. అడవంతా అటే పోయింది. మైదానం మెట్ల మీద పదిహేను మందే మిగిలారు.

చెంగి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తా, మమ్మల్ని ఎవరూ చూడరా?"

పొలుసమ్మకు మళ్లీ ముడుచుకుపోవాలనిపించింది. 'నేనూ తల దాచుకుంటే ఈ పిల్ల ఎవరివైపు చూస్తుంది?' అనుకుంది. మెడ నిటారుగా ఎత్తింది.

"నేను చూస్తున్నాను. ఆడమ్మా" అంది.

ఆ రోజు చెంగి ఒకే కూతలో ముగ్గురిని తాకి వచ్చింది. ఆ పదిహేను మందీ వారమంతా అదే మాట చెప్పుకున్నారు. వాగు దగ్గరా, పుట్టల దగ్గరా, కొమ్మల మీదా చెంగి పేరే.

మూడో పోటీ వేళకు పొద్దు వాలింది. పల్చని మంచు మైదానం మీదికి దిగింది. మిణుగురులు ఒక్కొక్కటే వెలిగాయి. ఆ వెలుగులో మెట్లన్నీ నిండాయి. చోటు చాలక కొండముచ్చులు కొమ్మలెక్కాయి. అడవిదున్నలు పై మెట్ల మీద కూర్చుని అందరికన్నా గట్టిగా కేకలు వేశాయి.

గుట్ట మీద కలాపుడు పాత నాట్యమే మళ్లీ ఆడాడు. ఆడి ఆడి వెనక్కి తిరిగి చూస్తే గాలి తప్ప ఎవరూ లేరు. ఈకలు ఈడ్చుకుంటూ దిగివచ్చాడు.

"పని చూడకుండానే తీర్పు చెప్పేవాడికి సభలో చోటు లేదు కలాపా" అన్నాడు కణుజయ్య. నెమలి తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రం మబ్బుకోన జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. చెంగి నేలచూపులు చూస్తూ నిలబడింది. ఇక అందరూ లేచి వెళ్లిపోతారనుకుని పొలుసమ్మ మెట్ల వైపు చూసింది.

ఒక్కరూ లేవలేదు.

కొమ్మ మీద నుంచి కొండముచ్చు తాత గొంతు వినిపించింది. "చెంగీ! వచ్చే వారం కూడా వస్తాం, గట్టిగా ఆడాలి మరి!"

మంచులోంచి వంద గొంతులు ఆ పిల్ల పేరు పలికాయి. పొలుసమ్మ ఆ చప్పుడు వింటూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

నీతి: తొలిచూపులోనే ఎవరి సత్తానూ తేల్చేయకూడదు. పదిమంది మాట ఓపికగా విని పనిచేసేవారి వెంట ఆ పదిమందీ నిలబడతారు.