కాలు తియ్యి, తవిటన్నా

ఆ కొండ చూడని పిల్లలూ, ఆ రైలు గేటు దాటని పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. దగ్గరికి జరగండి. నేను విన్నది విన్నట్టే చెబుతాను.

బస్సుకు ఇంకా కొండదారి తెలియని కాలంలో, ఆ కొండకంతా ఒకే ఒక్క కారు ఉండేది. దాన్ని నడిపేవాడు తవిటయ్య. ఎన్నో చేతులు మారి, ముసలిదై, చివరికి అతని చేతికి వచ్చిన కారు. జ్వరమొచ్చినవాళ్ళను, పాము కరిచినవాళ్ళను, నొప్పులొచ్చిన ఆడవాళ్ళను కింద ఆసుపత్రికి చేర్చేది ఆ కారే. ఉన్నవాళ్ళు ఏదో ఇచ్చేవారు. లేనివాళ్ళు దండం పెట్టేవారు.

పరిగెత్తినంతసేపూ కారు బాగానే ఉండేది. నిలబడితేనే దాని రోగం. కొండ కింద రైలు గేటు దగ్గర ఆగిందంటే గజగజ వణికేది. వణికి వణికి చచ్చిపోయేది. బ్యాటరీ కూడా ముసలిదే. ఒకసారి ఆగితే నలుగురు తోస్తేగానీ లేచేది కాదు. అందుకే తవిటయ్య గేటు దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేవాడు కాదు. వణుకు మొదలైందంటే చాలు, ఇంకా గట్టిగా తొక్కి, రయ్యి రయ్యిమని మోత మోగిస్తూనే కూర్చునేవాడు.

మెకానిక్ మస్తాన్ చూశాడు. "కార్బొరేటర్ మార్చాలి తవిటన్నా" అన్నాడు. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజిన్‌కు పంపేది అదే.

"మార్చడానికి నా దగ్గరేటుంది? ముందు ఖర్చులేని పనులు సూద్దుం."

తవిటయ్య ప్లగ్గులు విప్పి మసి గీకాడు. గేటు దగ్గరికి వెళ్ళాడు. కారు వణికింది.

ఫిల్టర్ తీసి దుమ్ము దులిపాడు. గేటు దగ్గరికి వెళ్ళాడు. కారు వణికింది.

కార్బొరేటర్‌ను పెట్రోలుతో కడిగి, సన్న బెజ్జాలను నోటితో ఊదాడు. మీరు అలా చేయకండి, పెట్రోలు విషం. గేటు దగ్గరికి వెళ్ళాడు. కారు వణికింది.

"చలిజ్వరమేమో, గొంగడి కప్పరాదూ" అన్నాడు గేట్‌మన్ దాలయ్య.

తవిటయ్య నవ్వాడు. కానీ లోపల భయం. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిన రోజున ఇది ఇక్కడ ఆగిపోతే?

ఆ రోజు రానే వచ్చింది. ఎర్రమ్మకు తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఎర్రమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి, అత్త సూరమ్మ పక్కన కూర్చుంది. కారు కొండ దిగింది. గేటు వేసి ఉంది. పట్టాల మీద గూడ్సు బండి కదలకుండా నిలబడి ఉంది. అక్కడ దారి ఎత్తు. ఆగితే దాలయ్య ఒక్కడూ తోయలేడు.

తవిటయ్య గట్టిగా తొక్కాడు. పొగ కమ్మింది. మోత మోగింది.

"అన్నా, కాలు తియ్యి. ఆ మోతకి పేగులు కదిలిపోతున్నాయి" అంది ఎర్రమ్మ.

"తీస్తే బండి ఆగిపోతాదమ్మా."

మళ్ళీ నొప్పి వచ్చింది. "కాలు తియ్యన్నా."

"ఆగిపోతాదమ్మా, నా మాటిను."

మూడోసారి ఆమె అరవలేదు. గొంతు పీలగా పలికింది. "నాకోసం ఒక్కసారి కాలు తియ్యి, తవిటన్నా."

తవిటయ్య అద్దంలో ఆమె ముఖం చూశాడు. కాలు తీశాడు.

మోత తగ్గింది. కారు వణికింది. ఆ వణుకులోంచి, ఎన్నడూ వినని చప్పుడొకటి వినబడింది. స్స్స్.

"ఒరే బావూ, బండిలో పామున్నాదిరా!" అని సూరమ్మ కాళ్ళు పైకి లాక్కుంది.

ఇంజిన్ చచ్చిపోయేలోపే తవిటయ్య దిగి బానెట్ ఎత్తాడు. పాము కాదు. ఇంజిన్‌కు తగిలించిన సన్నటి రబ్బరు గొట్టం వేడికి ఎండి, కిందివైపు పగిలింది. ఆ పగులులోంచి అక్కర్లేని గాలి దొంగలా లోపలికి దూరుతోంది. ఇన్నాళ్ళూ తన కాలు చేసిన మోతలోనే ఆ చప్పుడు దాక్కుంది. భుజం మీది తువ్వాలు తడిపి, పగులు మీద అదిమాడు. వణుకు ఆగింది. కారు కుదురుగా ఊపిరి తీసుకుంది.

"దాలయ్యా, రబ్బరేదైనా ఉందా?"

దాలయ్య ఈసారి ఎగతాళి చేయలేదు. తన సైకిల్ క్యారియర్‌కు కట్టుకున్న ట్యూబు ముక్క విప్పి ఇచ్చాడు. తవిటయ్య దాన్ని పగులు చుట్టూ బిగించి కట్టాడు. గేటు లేచింది. కారు ఆగలేదు. తల్లీ బిడ్డా బతికారు.

ఆ ట్యూబు ముక్కే కలకాలం నిలిచిందని కొందరంటారు. అది నిజం కాదు. తర్వాత అతను కొత్త గొట్టం వేయించాడు.

ఏళ్ళు గడిచాయి. తవిటయ్య పోయాడు. పాడె ఆ గేటు దాటుతుంటే, అటూ ఇటూ ఆగిన బళ్ళ డ్రైవర్లందరూ యాక్సిలరేటర్ల మీంచి కాళ్ళు తీసి కూర్చున్నారు. హారన్ లేదు, మోత లేదు. ఇంజిన్లు మెల్లగా ఆడుతున్నాయి, అంతే.

ఇప్పటికీ ఆ గేటు దగ్గర డ్రైవర్లు ఒక్క క్షణం కాలు తీసి, చెవి పెట్టి విని, అప్పుడు కదులుతారు. ఆ కొండ ఇళ్ళల్లో బిడ్డ ఏడుస్తుంటే, పెద్దవాళ్ళు తలో మాటా అరుస్తుంటే, ఎవరో ఒకరు అంటారు: "కాలు తియ్యండి. అదేం చెబుతోందో విందాం."

మీరూ ఈ కథ చెప్పండి పిల్లలూ. తవిటయ్య పేరు చెప్పండి. కాలు తియ్యమని మూడుసార్లు అడిగింది ఎర్రమ్మ అని కూడా చెప్పండి. అది మరిచిపోతే కథ సగమే చెప్పినట్టు.