పిలుపుమేడ మీద తలవంచిన సందెమ్మ

కొండ మీది పాత కోటలో ఉన్న పిలుపుమేడకు పడమటి వైపు నుంచి మూడు వందల పన్నెండు మెట్లు ఉన్నాయి. రాజకుటుంబం ఉండిన గదుల్లో ఇప్పుడు పైకప్పు మిగిలినవి రెండే. అయినా సాయంత్రం నాలుగు దాటితే జనం వస్తూనే ఉంటారు. సింహద్వారం పైనున్న ఈ మేడ మీద నిలబడితే, పొద్దు గుంకడం ఇంత నిండుగా చుట్టుపక్కల మరెక్కడా కనిపించదు. ఆ మేడ అంచునే చిన్న గుడిలో సందెమ్మ తల్లి వెలసి ఉంది. ఆమె తల వంచి ఉంటుంది. కొత్తవారు శిల్పి పొరపాటనుకుంటారు. కాదు. అసలు సంగతి తెలిసినవారు తగ్గిపోతున్నారు కనుక, విన్నది విన్నట్టు జ్ఞాపకం ఉండగానే ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ ఒక పాలెగాడు కోట కట్టి ఏలేవాడు. ఆయన పేరు ముగ్గురు మూడు విధాలుగా చెప్పారు, అందుచేత రాయడం లేదు. ఆయన భార్య తిమ్మసానమ్మ. కొండ మీద నీళ్లు లేవు. తొమ్మిది మంది ఆడవాళ్లు కింది చెలమ నుంచి కడవలతో మోసుకొచ్చేవారు. చీకటి పడితే చిరుతలు తిరిగే చోటు కాబట్టి కోట తలుపు మూయక తప్పదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రాణి స్వయంగా మేడ మీద నిలబడి తొమ్మిది పేర్లూ పిలవాలి. తొమ్మిది మందీ పలికిన తరువాతే తలుపు పడాలి. పడిందంటే తెల్లవారేదాకా తీయరు.

వాళ్లలో పెద్దది ఓబక్క. మోకాళ్ల నొప్పితో ఎప్పుడూ వెనకబడేది. "రాణెమ్మా, నన్ను కడాన పిలువు. ముందే పిలిస్తే పలకడానికి నాకు ఊపిరి ఎక్కడిది?" అని నవ్వించేది. అలా ఆమె పేరు చివరిదయింది.

ఒకనాడు వాన వెలిసిన సాయంత్రం పడమర అంతా మోదుగు పూసినట్టయింది. రాణి ఎనిమిది పేర్లు పిలిచింది. తొమ్మిదో పేరుకు నోరు తెరిచి, తల ఎత్తి పొద్దును చూసింది. ఇక చూపు దించలేదు.

కింద నుంచి కాపలా కంబన్న, "అమ్మా, అందరూ వచ్చినట్టేనా?" అని అడిగాడు.

"వచ్చినట్టే. మూసెయ్" అంది రాణి.

తెల్లవారి తలుపు తీసేసరికి ఓబక్క గడప రాతి మీద కూర్చుని ఉంది. మళ్లీ పడిన వానకు చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. పక్కన కడవ నిండుగానే ఉంది. ఇది ఎవరి తప్పని పాలెగాడు గద్దించాడు. కంబన్న రాణి వైపు ఒకసారి చూసి, చూపు నేలకు దించుకున్నాడు.

ఓబక్కే ముందు నోరు విప్పింది. "రాణెమ్మ పిలిచింది దొరా. నా చెవులే పాడైపోయాయి."

"చెవిటిదానికి ఈ పని వద్దు" అన్నాడు పాలెగాడు.

రాణి అక్కడే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఓబక్క నీళ్లు తొట్టిలో పోసి, కడవ బోర్లించి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి ఎనిమిదో పేరు దాటగానే రాణి మేడ దిగిపోయేది. మూడో రోజు ఉదయం పూజారి గుడి తలుపు తీస్తే, ఎప్పుడూ ఎదురుగా చూసే సందెమ్మ తల వంచుకుని ఉంది. ఆ పగలే రాణికి కునుకు పట్టింది. కలలో అమ్మవారు నెత్తిన కడవతో వచ్చి, "నన్ను పిలవడానికి నీకు ఇంకా ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగింది.

రాణి లేచి కొలువులోకి నడిచింది. "ఓబక్కను నేను పిలవలేదు. నా తప్పు ఆమె మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను" అని అందరి ముందూ చెప్పింది. బోర్లించిన కడవ ఎత్తుకుని చెప్పులు లేకుండా కొండ దిగింది.

ఓబక్క గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు. "తెలుసులే తల్లీ. మెట్ల మీద నుంచి నిన్ను చూస్తూనే ఉన్నా. అరవడానికి ఊపిరి లేకపోయింది. అంత బాగుందా పొద్దు?"

రాణి కడవ కింద పెట్టి తల దించుకుంది.

"ఎత్తిపొడుపు కాదమ్మా. ఇరవై ఏళ్లుగా అది నా వీపు మీదే గుంకింది. ఎన్నడూ చూడలేదు, అందుకని అడిగా."

ఆ సాయంత్రం రాణి చెలమలో కడవ ముంచి తానే మోసుకొచ్చింది. ఓబక్కను మేడ అంచు రాతి మీద కూర్చోబెట్టింది. ఓబక్క చివరిదాకా కళ్లార్పకుండా చూసి, "మనిషిని మరిపించేదే" అంది. రాణి తల ఇంకా వంగిపోయింది.

అయినా అమ్మవారి తల లేవలేదు. పూజారి శాంతి చేయిస్తానన్నాడు. ఓబక్క అడ్డుపడింది. "ఉండనీయి సామీ. మెట్లెక్కి వచ్చేవాళ్లను చూడాలంటే తల వంచాల్సిందేగా!"

నేటికీ ఇక్కడ పొద్దు చూడవచ్చినవారు ముందుగా పొద్దుకు వీపు పెట్టి నిలబడి, తమతో వచ్చిన అందరినీ పేరుపేరునా పిలుస్తారు. అంచు రాయి వచ్చినవారిలో పెద్ద వయసు స్త్రీకి వదిలిపెడతారు. పేరు గుర్తు రాకపోతే సిగ్గుపడి దాటవేయకూడదు, ఆ మనిషినే అడిగి పిలవాలి. నిరుడు పక్కింటి ఆవిడను నేను అలా అడిగే పిలిచాను. ఆవిడ పలికింది. ఇలా పిలిచినవారి ఇంట ఎవరూ గడప బయట మిగిలిపోరని నమ్మకం.

అన్ని పేర్లూ అయ్యాక కడాన మేడ మీది వారంతా "ఓబక్కా!" అని పిలుస్తారు. మెట్ల మీద ఆయాసపడుతూ ఎవరు ఎక్కుతుంటే వారు, ఏ ఊరివారైనా, "వస్తున్నా తల్లీ" అని పలుకుతారు. వారు పైకి చేరేదాకా కోట తలుపు వేయరు.