ఇంజనమ్మకు ఘటమెత్తిన సన్యాసమ్మ

ఊ కొడితేనే చెబుతాను. నిద్రొచ్చేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి పడుకోండి, మధ్యలో గురకపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎప్పటి మాటంటారా? రైలుబండి కూత వింటే ఎడ్లు కాడి తెంచుకుని పారిపోయే కాలం మాట.

ఒక దొరగారు. ఆయనకో పెద్ద తోట. తోట నడుమ తామరచెరువు, చెరువు చుట్టూ చెరుకు. ఆ చెరువులో నాచు తీసే మనిషి సన్యాసమ్మ. మొగుడు పోయాడు, కడుపు పండలేదు. నీటికోళ్ళు, తాబేళ్ళు, కప్పలు, అవే ఆవిడకి పిల్లాజెల్లా. తెల్లారి లేచి వాటిని ఒకసారి చూసుకోనిదే గంజి ముట్టేది కాదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. దొరగారు పట్నం నుంచి నీళ్ళు తోడే ఇంజను తెప్పించారు. ఊరంతా కదిలొచ్చింది. మనవాళ్ళ సంగతి తెలుసుగా, కొత్తది ఏదొచ్చినా ముందు పసుపు రాయాలి. ఇంజనుకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, చీర చుట్టారు. దొరగారే కొబ్బరికాయ కొట్టి, "ఇంజనమ్మ తల్లీ, మా చెరుకు కాపాడు" అని మొక్కారు. తల్లి గుఫ్ గుఫ్ మని పొగ వదిలింది. గొట్టం చెరువు నీళ్ళు తాగి చెరుకులోకి కక్కింది. పట్టా గిరగిరా తిరుగుతుంటే సన్యాసమ్మకీ ముచ్చటేసింది. ఎందుకేయదు మరి?

సాయంత్రం గట్టు దిగి చూసేసరికి నీళ్ళు జానెడు తగ్గాయి. నడుమ తామరాకుల మీద తామరకోడి గుడ్లు పొదుగుతోంది. ఆ జాతిలో తల్లి గుడ్లు పెట్టి తన దారిన పోతుంది, పొదిగేదీ పెంచేదీ తండ్రే. నీళ్ళు ఇంకితే ఆకులు బురదకి అంటుకుంటాయి. బురద మీద నక్క నడిచొస్తుంది. పిల్లలు పుట్టి ఈదేదాకా ఇంజను ఆగకపోతే ఒక్క గుడ్డూ మిగలదు.

సన్యాసమ్మ ఇంజను మేస్త్రి కాసిం దగ్గరికెళ్ళింది. "కొన్నాళ్ళు ఆపు బాబూ" అంది.

"పిట్ట కోసం చెరుకు ఎండబెడతామా అప్పా?"

"పిట్ట కోసం కాదు బాబూ, పిల్లల కోసం."

ఇంజను ఆగలేదు. తోట గుమాస్తా దగ్గరికెళ్ళింది. "పిట్ట కోసం చెరుకు ఎండబెడతామే?" అని ఆయనా కసిరాడు. "పిట్ట కోసం కాదు బాబూ, పిల్లల కోసం" అంది. ఇంజను ఆగలేదు. చెరువు నీళ్ళు మోకాలి లోతుకి దిగాయి.

ఇక దొరగారే మిగిలారు. ఆయన చుట్టాలకి ఇంజను చూపిస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఈయమ్మ మీకేటవుతాది బాబూ?"

"తల్లి అవుతుంది. మొక్కానుగా."

"ఆ చెరువు నీళ్ళు తామరకోడి పసిగుడ్ల ఉయ్యాల. ఉయ్యాల తెంపుకుని దాహం తీర్చుకునే తల్లి ఉంటాదా బాబూ? తల్లని మొక్కినాక తల్లి మర్యాద జరగాల గదా."

దొరగారు అందరి ముందూ అమ్మవారికి పాపం చుట్టబెట్టలేరు, ఆడమనిషి మాటకి తగ్గనూ లేరు. మీసం దువ్వి, "సరే, తల్లి పడుకుంటుంది. చెరుక్కి నీళ్ళు నువ్వే పెట్టు. ఒక్క చెరుకు చాలు ఎండిందా, చెరువు పూడ్పిస్తాను, నువ్వు ఊరొదిలిపోవాలి" అన్నారు.

"అలాగే బాబూ" అనేసింది. అనేసి ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. ఏరు కోసెడు దూరం.

అయినా కుండకి పసుపు రాసింది, వేపరెమ్మ పెట్టింది. అమ్మవారి పని కదా. ఏటి ఇసకలో చెలమ తవ్వి, నీళ్ళు తోడి, మోసుకొచ్చి చాల్లో పోసింది. ఒక కుండ పోసింది. ఇంకో కుండ పోసింది. మూడో కుండ పోసింది. నేల గుటకేసి ఊరుకుంది. సన్యాసమ్మకి ఏడుపు ఆగలేదు.

నాలుగోసారి రేవులో పొరుగింటి గవరమ్మ ఎదురైంది. "ఎవరికే ఘటం?"

"ఇంజనమ్మకి."

"అమ్మవారి ఘటం ఒక్కర్తివే ఎత్తుతావేటి? మేం చచ్చామా?"

గవరమ్మ కుండెత్తింది. ఆమె ఎత్తితే ఆడపడుచు ఎత్తింది, ఆడపడుచు ఎత్తితే వాడంతా ఎత్తింది. డప్పులొచ్చాయి. ఏటి నుంచి చెరుకు దాకా పసుపు కుండల బారు. కాసిం మేస్త్రి నూనెడబ్బా కడిగి దాంతో మోశాడు. దొరగారు గుర్రబ్బండి దిగి చూద్దురు కదా, ఘటాలు ఎదురొస్తున్నాయి. ఘటం ఎదురైతే దొరైనా చెప్పులు విప్పాల్సిందే. విప్పారు. ఎండిన గట్టు మీద ఉత్తకాళ్ళతో నిలబడి సన్యాసమ్మకి దారిచ్చారు. రోజూ అలాగే మోశారు, ఒక్క చాలు ఎండలేదు.

పిల్లలు పుట్టాయి. తండ్రిపిట్ట వాటిని రెక్కల కింద ఇరికించుకుని లేచి నడిస్తే, కిందికి కాళ్ళే కాళ్ళు వేలాడాయి. ఇంజను చూడ్డానికొచ్చిన ఊరే గట్టెక్కి అది చూసి మురిసిపోయింది. "ఒక పిట్టకి ఇన్ని కాళ్ళేంటప్పా" అని కాసిం ఒకటే నవ్వు. పిల్లలు ఈదాక సన్యాసమ్మే వచ్చి, "ఇక తల్లిని లేపండి" అంది. అప్పుడు లేపారు.

సన్యాసమ్మ ముసలిదై పోయింది. దొరా పోయాడు, ఆ ఇంజనూ తుప్పుపట్టి పోయింది. కానీ ఆ వైపు ఇప్పటికీ తామరకోడి గుడ్ల మీద కూర్చుంటే చెరువు మోటార్లు కట్టేస్తారు. ఇంటికో పసుపు కుండ ఎత్తి డప్పులతో చేలకి పోతారు. దాన్ని సన్యాసమ్మ ఘటం అంటారు. ఎవడైనా ఆగలేక మోటారు మీద చెయ్యేస్తే ఇంట్లో ముసలమ్మ కేకేస్తుంది: "ఆగరా, తల్లే దాహం ఆపుకుంది. నీకేటి తొందర?"