కడ్డీ మీది నొక్కు

దేవసహాయం మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. శ్రుతి ఎందుకు నిలవడం లేదని అడిగిన శిష్యుడి చేత నెల రోజులపాటు ఒకే తీగ మీద ఒకే స్వరం వాయింపించారు. సంగీతం వల్ల ప్రయోజనం ఏమిటని మరొకడు అడిగితే, పక్కింట్లో పక్షవాతంతో ఉన్న ముసలాయన్ని రోజూ అరుగు మీద కూర్చోబెట్టే పని అప్పగించారు. వాడు రెండో వారానికల్లా పాఠమే మానుకున్నాడు. కాకినాడ జగన్నాథపురంలో హవాయి గిటారు నేర్చుకోవాలంటే ఆయన తప్ప వేరే దిక్కు లేదు కనుక, మిగిలినవాళ్ళు ఆ పద్ధతికి అలవాటు పడ్డారు.

భీమశంకరం ఆయన దగ్గర పందొమ్మిదేళ్ళ పాతకాపు. నీటిపారుదల ఆఫీసులో కాలవల పటాలు గీసే ఉద్యోగం. పొద్దుపోయే వేళకు ఇంటికి చేరి గిటారు ఒడిలో పడుకోబెట్టుకుంటే చాలు, రోజు గడిచిందనుకునే మనిషి. అలాంటి మనిషికి శ్రావణమాసంలో పిడుగు పడింది. ఒక్కగానొక్క కూతురు హైమ, తొమ్మిదేళ్ళ పిల్ల, మెదడువాపు జ్వరం తగిలి మూడో రోజున పోయింది. ఆ తర్వాత అతను గిటారు పెట్టె తెరవలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు చెప్పవలసినవన్నీ చెప్పారు. గుండె రాయి చేసుకోమన్నారు. కాలమే మందన్నారు. అతను అందరికీ తల ఊపాడు. పదకొండు రోజులు కాగానే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. చూసినవాళ్ళు పరవాలేదు, తేరుకున్నాడు అనుకున్నారు. అతని భార్య రాజ్యం మాత్రం ఏమీ అనుకోలేదు. తొమ్మిది నెలల్లో ఆమె అతన్ని అడిగింది ఒక్కటే.

"ఇంట్లో ఏ చప్పుడూ లేదండీ. నాకు ఊపిరాడ్డం లేదు. ఒక్కసారి వాయించండి."

ఆ మాట మొదట వారానికోసారి వచ్చేది, తర్వాత రోజూ రావడం మొదలైంది. అతని వల్ల కాలేదు. పెట్టె మూత మీద చెయ్యి వేసేవాడు, తెరవకుండానే లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. గిటారు ఇంట్లో లేకపోతే ఆమె అడగడం మానేస్తుందని ఒకరోజు అతనికి తోచింది. అంతకంటే మంచి ఉపాయం ఆ స్థితిలో ఉన్నవాడికి తోచదు. వైశాఖంలో ఒక ఆదివారం సాయంత్రం పెట్టె మోసుకుని మాస్టారింటికి వచ్చాడు. ఆ గిటారు మొదట ఆయనదే, పందొమ్మిదేళ్ళ కిందట తన చేత్తో ఇచ్చినది.

"మీరిచ్చింది మీకే ఇచ్చేద్దామని తెచ్చానండీ. ఇంట్లో ఉంటే రాజ్యం వాయించమంటోంది," అన్నాడు. అరుగు మీద కూర్చుని గచ్చు చూస్తూ, ఎవరినీ అడగనిది ఆయన్ని అడిగాడు. "ఇది ఎప్పటికి పోతుందండీ మాస్టారూ?"

మాస్టారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పెట్టె తెరిచారు. గిటారు వంక చూడలేదు. పెట్టె మూలనున్న గుడ్డసంచి లోంచి ఉక్కు కడ్డీ బయటికి తీశారు. హవాయి గిటారులో కుడిచెయ్యి తీగను మీటితే, ఎడమచెయ్యి ఆ కడ్డీని తీగల మీద జారుస్తుంది. పాట పలికించేది ఆ జారుడే. బొటనవేలంత మందం, నాలుగంగుళాల పొడుగు. వీపు మీద చూపుడువేలు ఆనడానికి చిన్న పల్లం, కింద తీగల మీద జారే గుండ్రటి అంచు. పందొమ్మిదేళ్ళు తీగలు ఒరుసుకుని ఆ అంచున క్రోము పూత అరిగిపోయింది. అరిగిన చోట తొమ్మిది నెలల సముద్రపు చెమ్మ తుప్పు పట్టించి, తుప్పు గుంటలు చేసింది. వాయించినన్నాళ్ళూ అరిగి, వాయించనన్నాళ్ళూ తుప్పు పట్టి, ఆ కడ్డీకి రెండు విధాలా చేటే జరిగింది.

ఆయన దాన్ని తీగల మీద పెట్టి ఒక్కసారి జార్చారు. అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు గరగరమంది.

"నేనిచ్చినప్పుడు ఇలా లేదు," అన్నారు. "గిటారు పుచ్చుకుంటాను. ముందు కడ్డీ బాగుచేయించి తీసుకురా."

భీమశంకరానికి కోపం వచ్చింది. కడుపుకోత చెప్పుకుంటే ఈయనకు క్రోము పూత కనిపించిందా అనుకున్నాడు. కానీ గురువుకు ఎదురు చెప్పే అలవాటు లేదు. కడ్డీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

సినిమారోడ్డు వెనక సందులో ఖాసిం సాయిబు మోటారుసైకిళ్ళ హ్యాండిళ్ళకీ సైలెన్సర్లకీ క్రోము పూత వేస్తాడు. ఇద్దరు మనుషులు ఇరుక్కుంటే తప్ప పట్టని షెడ్డు. గోడ వార రసాయనాల తొట్లు, మధ్యలో అరగదీసే చక్రం. కడ్డీని అతను వెలుతురులో పెట్టి చూసి, గోటితో అంచు గీరి పెదవి విరిచాడు.

"తుప్పు కడిగి పూతెయ్యమంటే ఏస్తానండి. గుంటలు అలాగే ఉంటాయి మరి. క్రోము గుంటని పూడ్చదండి, మెరిపిస్తాది, అంతే. పైన పటారం, లోన లొటారం."

"మెరిస్తే చాలు సాయిబుగారూ. నాక్కాదు, ఇంకొకరికి ఇచ్చెయ్యడానికి," అన్నాడు భీమశంకరం. రోజూ తల దువ్వుకుని ఆఫీసుకు వెళ్ళివస్తున్న మనిషికి ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు.

నాలుగో రోజున కడ్డీ అద్దంలా వచ్చింది. మాస్టారు దాన్ని పంచె చెరుగుతో తుడిచి, తీగల మీద జార్చారు. అదే గరగర. పైపెచ్చు గుంటల అంచులకు పూత గట్టిపడి, ఇదివరకటి కంటే కటువుగా వినిపించింది.

"ముఖం కనిపిస్తోంది. పాట వినిపించడం లేదు," అని కడ్డీ అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఖాసిం షెడ్డుకు వెళ్ళక తప్పలేదు. నేను ముందే చెప్పలేదా అని సాయిబు దెప్పలేదు. పాత పూతంతా ఆసిడ్ తొట్టిలో వదిలించి, కడ్డీని ఒక గాజుపలక మీద ఆనించి, పలకను కిటికీ వైపు ఎత్తి చూపించాడు. అంచుకీ గాజుకీ మధ్య మూడు నాలుగు చోట్ల సన్నగా వెలుతురు కనిపిస్తోంది.

"ఆ యెలుతురు పోవాలండి. గుంటని పైకి తేలేం. దాని అడుగెంత లోతుందో, మిగతా అంచంతా అక్కడికి దిగాలి."

"అంటే బాగున్నదంతా అరగదీయాలా?"

"బాగున్నదాన్నే అరగదీయాలండి. గుంటనేం చేస్తాం? అక్కడేమీ లేదు కదా."

ఆ మాటకు భీమశంకరానికి ఇంట్లో హైమ పడుకునే మూల గుర్తుకొచ్చింది. ఆ మూల ఖాళీగా ఉండిపోవడం వేరు, ఆ ఖాళీ లోతుకు ఇల్లంతా దిగిపోవడం వేరు. రెండోది ఎప్పుడో మొదలైందనీ, తనకు తెలియకుండానే సగం అయిందనీ అతనికి అప్పుడు అర్థమైంది. రాజ్యం వంటింట్లో పాడుకోవడం మానేసి ఎన్నాళ్ళయిందో లెక్క కూడా లేదు.

చక్రం మీద పెడితే అంచు అలలు అలలుగా పోతుంది, చేత్తోనే రుద్దాలన్నాడు ఖాసిం. తనకు అంత తీరిక లేదనీ, పటాలు గీసేవారి చూపు తిన్నగా ఉంటుంది కనుక మీరే రుద్దుకోండనీ గాజుపలక మీద గరుకైన ఉప్పుకాగితం పరిచి ఇచ్చాడు. కడ్డీని నిలువునా లాగాలి. లాగుతూనే, అంచు గుండ్రం చెడకుండా, మణికట్టును ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపాలి. ఆ ఊపు పట్టుబడడానికే అతనికి రెండు రోజులు పట్టింది.

రోజూ ఆఫీసుకు ముందు గంటసేపు వెళ్ళి రుద్దేవాడు. నల్లటి పొడి వేళ్ళకు అంటుకుని ఎంత కడిగినా పోయేది కాదు. ఆఫీసులో తెల్లటి పటాల మీద అతని వేలిముద్రలు పడుతుంటే పై అధికారి రెండుసార్లు మందలించాడు. ఇంట్లో రాజ్యం ఆ చేతులు చూసి, కుంకుడుకాయ రసం తెచ్చి పెట్టింది. ఆరో రోజున రుద్దుతూ రుద్దుతూ ఉన్నట్టుండి అతను ఏడ్చాడు. ఎందుకని ప్రత్యేకంగా ఏమీ లేదు. ఆ మణికట్టు ఊపు ఎక్కడో తెలిసిన ఊపు, అంతే. శ్రావణం నుంచి ఇప్పటిదాకా అతని కంట నీరు రాలేదు. ఖాసిం చక్రం ఆపబోయినవాడల్లా ఆపకుండా, హోరుమని దాన్ని అలాగే తిరగనిచ్చి, అటు తిరిగి ఒక సైలెన్సరు పట్టుకున్నాడు. ఏడిస్తే బరువు దిగుతుందంటారు. భీమశంకరానికి దిగలేదు. కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా నల్లబడింది, అంతే.

పదమూడో రోజున గాజు మీద కడ్డీని ఆనిస్తే కింద వెలుతురు లేదు. ఖాసిం నాలుగు వైపులా తిప్పి చూసి మెచ్చుకున్నాడు. తర్వాత కడ్డీని వెల్లకిలా తిప్పి, వీపు మీద పల్లంలో చిన్న నొక్కు చూపించాడు.

"ఇదీ తీసేద్దామాండి? పైనే కాబట్టి చక్రం మీద పెట్టొచ్చు. నిమిషం పని."

ఆ నొక్కు హైమ చేసింది. నాలుగేళ్ళప్పుడు నాన్నలాగా వాయిస్తానని కడ్డీ తీసుకుని వీధిలోకి పరుగెత్తితే, చెయ్యి జారి రాతిమెట్టు మీద పడింది. అతను పిల్లను కొట్టాడు. ఒక్కటే దెబ్బ, కానీ గట్టి దెబ్బ. చెంప మీద వేళ్ళు తేలాయి. పిల్ల ఏడుస్తూనే కడ్డీని తీసుకుని, నొక్కు పడ్డ చోట నోటితో ఊదింది. తను పడ్డప్పుడు అమ్మ మోకాలికి ఊదేది కదా, అలా. అప్పటి నుంచి అతను వాయించేటప్పుడు చూపుడువేలు ఆ నొక్కు మీద ఆనించలేదు, పిసరంత పక్కకు జరిపి పట్టుకునేవాడు. గుచ్చుకుంటోందని తనకు తాను చెప్పుకున్నాడు. వేలు చోటు తప్పింది, పట్టు సడలుతోంది అని మాస్టారు ఐదేళ్ళుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. సరేనండీ అనేవాడు, జరిపే పట్టుకునేవాడు.

ఖాసిం చక్రం మీట మీద చెయ్యి వేసి అతని మాట కోసం చూస్తున్నాడు. ఔనంటే ఆ దెబ్బ కూడా పోతుంది, కొట్టినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. భీమశంకరం కడ్డీని అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"అది తీగలకి తగలదండీ. ఉండనివ్వండి."

కొత్త పూత పడ్డాక, వారం తిరక్కుండా, ఒక సాయంత్రం మళ్ళీ మాస్టారి అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. ఈసారి ఆయన తను వాయించలేదు. గిటారును అతని ఒడిలో పెట్టారు. భీమశంకరం ఒక తీగ మీటి, కడ్డీని కింది నుంచి పైకి ఒక్కసారి జార్చాడు. గరగర లేదు. స్వరం తిన్నగా వెళ్ళి నిలబడింది. కానీ ఇదివరకటి స్వరం కాదది. అరిగిన మేరకు కడ్డీ తేలికపడింది, ఆ మేరకు నాదం పలచబడింది. చెవి ఉన్నవాళ్ళిద్దరికీ అది తెలుస్తూనే ఉంది.

"పాత నాదం రాదాండీ?"

"రాదు."

మాస్టారు కడ్డీ తీసుకుని వేళ్ళతో తడిమారు. వీపు మీద పల్లంలో ఆయన వేలు ఆగింది. కొత్త పూత ఆ నొక్కును పూడ్చలేదు, మెరిపించింది.

"దీన్ని ఎందుకు ఉంచావు?"

భీమశంకరం చెప్పాడు. మెట్టు సంగతి, చెంప సంగతి, పిల్ల ఊదిన సంగతి, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక, ఎవరూ అడగకపోయినా, "తీగలకి తగలదు కదండీ," అన్నాడు.

"తగలదు. నీ వేలికి తగులుతుంది."

"తెలుసండీ."

"వాయించినప్పుడల్లా తగులుతుంది."

అతను వైశాఖంలో అడిగిందే మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతులో ఆశ లేదు. "అయితే ఇది పోదాండీ?"

మాస్టారు కడ్డీని గుడ్డసంచిలో పెట్టారు. గిటారును పెట్టెలో పడుకోబెట్టి మూత వేశారు. పెట్టెను ఎత్తి తన గదిలోకి తీసుకువెళ్ళకుండా, అతని మోకాళ్ళ మీదే తిరిగి పెట్టారు.

"రాజ్యం కనిపెట్టుకుని ఉంటుంది, ఇంటికెళ్ళి వాయించు," అన్నారు. "వేలు మాత్రం పక్కకి జరపకు."