ఇనుము తాకని మూడు కత్తులు

ఎప్పుడో, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, వెన్నెలదుర్గాన్ని సుధన్వుడనే రాజు పాలించేవాడు. ఆయనకు వీరధ్వజుడు, జయధ్వజుడు అని ఇద్దరు కొడుకులు. వాళ్ల తరువాత మందారవల్లి అని ఒక కూతురు.

ఒకనాటి పొద్దున ఆ రాజ్యంలో పెద్ద విడ్డూరం జరిగింది. వంటింట్లో కత్తిపీట గాలిలోకి లేచింది. పొలంలో కొడవలి లేచింది. కోటలో సైనికుల కత్తులన్నీ లేచాయి. అన్నీ కొంగల బారులా తూర్పుకేసి ఎగిరిపోయాయి. ఏడు సముద్రాల అవతల ఉండే అయస్కాంతుడనే మాంత్రికుడు మంత్రం వేసి వాటిని లాక్కున్నాడు.

"సుధన్వా, ఇక నీ దగ్గర ఇనుము లేదు. వచ్చే పున్నమికి వచ్చి నీ సింహాసనం మీద కూర్చుంటాను" అని వాడి గొంతు ఆకాశంలో వినబడింది.

నేలమాళిగలో గొలుసులతో కట్టి ఉంచిన రెండు కవచాలు, రెండు కత్తులు మాత్రం మిగిలాయి. పెద్దవాడు ఒక కవచం తొడుక్కుని, కత్తి పట్టుకుని మాంత్రికుడి మీదికి వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు రెండో కవచం తొడుక్కుని వెళ్లాడు, తిరిగి రాలేదు.

మందారవల్లి దుఃఖం దిగమింగుకుని ఊళ్లు తిరిగింది. అక్కడ ఆమె చూసింది వేరు. జనం ఏడుస్తూ కూర్చోలేదు. మంత్రసాని గౌరమ్మ అప్పుడే చీల్చిన వెదురు బద్దతో పసిబిడ్డ బొడ్డు కోస్తోంది. కొండమీది వాళ్లు చెకుముకి రాయిని పలచగా చెక్కి తోలు కోస్తున్నారు. గొర్రెల కాపరులు దుప్పికొమ్మును అరగదీసి తాళ్లు తెంపుతున్నారు. తన ప్రజలను చూసి రాజకుమార్తె గుండె ఉప్పొంగింది. వాళ్ల దగ్గరే కూర్చుని మూడు పనులూ నేర్చుకుంది. తన చేతులతో మూడు కత్తులు చేసుకుంది.

"నాన్నగారూ, నేను వెళతాను" అంది.

"ఏం పట్టుకుని వెళతావు తల్లీ?"

"వాడు రమ్మంటే ఇనుము వస్తుంది. వెదురు రాదు. రాయి రాదు. కొమ్ము రాదు. అవి పట్టుకుని వెళతాను."

రాజు బిడ్డ తల మీద చెయ్యి వేసి పంపించాడు.

మొదటి సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు వలలో చిక్కుకుని కొట్టుకుంటోంది. తాడు మెడలోకి దిగిపోయింది. మందారవల్లి కొమ్ము కత్తి మొండి కొసను తాడు కిందికి నెమ్మదిగా దూర్చి పైకి కోసింది.

"నీ కత్తి నా గొంతు మీదుగా పోయింది, గీత కూడా పడలేదు" అంది తాబేలు. "ఎక్కు, నా వీపు మీద తీసుకెళతాను."

ఏడు సముద్రాలూ దాటారు. అన్ని రోజులు ఉప్పునీళ్లలో తడిసినా కత్తులకు తుప్పు పట్టలేదు. దారిలో తాబేలు చెప్పింది: "వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. దాని కాలికి కట్టిన దారం తెగితే వాడు చస్తాడు. కానీ ఆ దారానికి ఇనుము తగిలితే ఇంకా లావెక్కుతుంది."

మాంత్రికుడి కోట నల్లని సూదంటురాయితో కట్టినది. ఇనుము దగ్గరికి వస్తే వాడికి నిద్రలో కూడా తెలిసిపోతుంది. మందారవల్లి వచ్చిన సంగతి వాడికి తెలియలేదు. గోడకు ఆమె అన్నలిద్దరూ కవచాలతో సహా అతుక్కుని ఉన్నారు. వాళ్ల పక్కనే శశాంకుడనే పరదేశపు రాకుమారుడు కూడా ఉన్నాడు. రాతికత్తితో ఆమె పెద్దన్న కవచం తోలుపట్టీలు కోసింది. చిన్నన్నవి కోసింది. శశాంకుడి దగ్గరికి వచ్చేసరికి కత్తి మొద్దుబారింది.

"మీరు అన్నలతో వెళ్లిపోండి, రాకుమారీ" అన్నాడు అతను.

ఆమె నవ్వి, కత్తి అంచును ఇంకో రాయితో టక్కున కొట్టింది. ఒక పెచ్చు రాలి కొత్త అంచు మెరిసింది. "దీని పదును దీని కడుపులోనే ఉంటుంది" అని అతని పట్టీలూ కోసింది.

గోపురంలో చిలుక బిక్కుబిక్కుమంటూ ఉంది. "నన్ను చంపుతావా?" అని అడిగింది.

"నువ్వేం తప్పు చేశావు? కదలకుండా ఉండు చాలు."

దారం కాలి మాంసంలో కూరుకుపోయి ఉంది. ఆమె వెదురు కత్తి తీసేసరికి మాంత్రికుడు మేలుకుని పరుగెత్తుకు వచ్చాడు. ఆమె చేతిలోని కత్తిని చూసి "రా" అన్నాడు. కత్తి రాలేదు. "రా" అని అరిచాడు. రాలేదు. "రా" అని బతిమాలాడు. మందారవల్లి వెదురు అంచును దారం మీద లాగింది. దారం తెగింది, చిలుక కాలికి నెత్తురు చుక్కైనా రాలేదు. మాంత్రికుడు నిలుచున్న చోటే తుప్పు కుప్పగా రాలిపోయాడు. చిలుక కిటికీలోంచి ఎగిరిపోయింది.

గోడల మీది ఇనుమంతా ఊడి పడింది. తాబేలు తన బంధువులందరినీ పిలుచుకొచ్చింది. వాటి వీపుల మీద ఇనుమూ మనుషులూ వెన్నెలదుర్గం చేరారు.

ఇనుము వచ్చింది కదా అని అక్కడ ఎవరూ పాత కత్తులను పారేయలేదు. చెట్టు కొట్టడానికి గొడ్డలే పట్టేవారు. కానీ మామిడికాయ వెదురు బద్దతో కోస్తే ముక్క నల్లబడదని, పడవ మీద కొమ్ము కత్తి తుప్పు పట్టదని అందరికీ తెలిసిపోయింది.

సుధన్వుడు కిరీటం తీసి పెద్దకొడుకు వైపు చూశాడు. వీరధ్వజుడు చేతులు కట్టుకుని, "అది చెల్లెమ్మది, నాన్నగారూ" అన్నాడు. జయధ్వజుడూ అదే మాట అన్నాడు.

మందారవల్లికీ శశాంకుడికీ పెళ్లి జరిగింది. ఊరేగింపు పల్లకీని బోయీలు ఎత్తబోతుంటే అన్నలిద్దరూ వాళ్లను ఆపి, తామే భుజాలు పెట్టారు. "మా రాణి వస్తోంది, దారి ఇవ్వండి" అని వీధి వీధినా గర్వంగా కేక వేస్తూ మోశారు. ఆ రాణి తల నెరిసేదాకా ఏలింది. ఆమె ఏలినన్నాళ్లూ ఏ శత్రువూ ఆ కోట గుమ్మం తొక్కలేదు.